సవరణ: నాన్న మూడు చక్రాల బండి ఆలస్యం గురించి

పోయిన వారం నేను రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. నాన్నకు పోలియో వల్ల కుడికాలు పనిచేయదు. అందుకే వెనక రెండు చక్రాలు బిగించి ఇచ్చే స్కూటర్ బుక్ చేశాం. మూడు వారాలన్నారు. రెండు నెలలైనా పర్లాకిమిడిలో బండి మా చేతికి రాలేదు. ఆ టెన్షన్‌లో, చక్రాలు బిగించడానికి ముందే ఆర్టీఓ అనుమతి ఉండాలనీ, షోరూమ్‌వాళ్లు దాన్ని అడగకుండా కూర్చున్నారనీ రాసేశాను.

అది నిజం కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, వికలాంగుల కోసం సొంత బండిని ముందు మార్పించుకుని, తర్వాత రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం తీసుకోవచ్చు. శనివారం షోరూమ్‌కి వెళ్లి చూశాను. స్కూటర్ వచ్చి ఉంది, వెనక ఇరుసే ఇంకా రాలేదు. అక్కడి కుర్రాణ్ణి అనవసరంగా నిందించాను. క్షమించమని అడిగాను.

రెండోది, ఈ బండి నడపడానికి నాన్నకు ఆటో లైసెన్సు కావాలన్నాను. అక్కర్లేదు. లైసెన్సుల్లో 'అడాప్టెడ్ వెహికల్' (వికలాంగుల కోసం మార్చిన బండి) అని వేరే తరగతే ఉంది. 1988 చట్టంలో మొదట దీన్ని 'ఇన్‌వాలిడ్ క్యారేజ్', అంటే అశక్తుల బండి, అన్నారు. ఆ మాట పోయినందుకు నాకు చాలా సంతోషం, నాన్నను ఎవరూ అలా పిలవకూడదు.

కాశీనగర్ నుంచి ఒక అక్క నా మాట నమ్మి తమ్ముడి లైసెన్సు దరఖాస్తు ఆపేశారట. అక్కా, రేపే పెట్టించేయండి. ఇరుసు రాగానే ఇక్కడ చెబుతాను.