చలి చాల్లేదట!

బెంగళూరు వచ్చిన తెలుగువాడికి ఉద్యోగం రెండో గర్వకారణం. మొదటిది వెదర్. మే నెలలో విజయవాడ బావగారికి ఫోన్ చేసి, "మాకు ఫ్యాన్ కూడా అక్కర్లేదు బావా" అని చెప్పకపోతే మనకు అన్నం అరగదు. అలాంటి నా గర్వాన్ని ఒక దుంప మట్టి కరిపించింది.

దాని పేరు ఇమ్మోర్టాలిటీ. అంటే అమరత్వం. లాయిడ్ జుర్‌బ్రిగ్ సృష్టించిన ఈ టాల్ బియర్డెడ్ ఐరిస్, అంటే పొడుగు కాడ, గడ్డం ఉన్న పూలమొక్క, 1982లో రిజిస్టరైంది. రెండడుగుల పైచిలుకు కాడ, పైకి లేచే మూడు తెల్ల రేకులు, కిందికి వాలే మూడు, వాటి మీద నూగు నూగుగా గడ్డం. వసంతంలో పూసి శరత్తులో మళ్ళీ పూస్తుందట. ధర చెప్పను, మా ఇంట్లోవాళ్ళు కూడా ఈ పత్రిక చదువుతారు.

దీన్ని నాటడానికో పద్ధతుంది. చెరువులో గేదె వీపు తేలినట్టు దుంప పైభాగం మట్టి పైకి కనబడాలి. కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీళ్ళు నిలవకూడదు. మా వాచ్‌మన్‌ది మదనపల్లె, దయగల మనిషి. సార్‌కి పూడ్చడం కూడా చేతకాలేదనుకుని రెండు దోసిళ్ళ మట్టి కప్పి, చెంబుడు నీళ్ళు పోశాడు. మర్నాడూ పోశాడు. మిగతాది సెప్టెంబరు వానలు చూసుకున్నాయి. వేలితో నొక్కితే అమరత్వం మెత్తగా లోపలికి దిగింది. కుళ్ళిన బంగాళాదుంప కూడా అంత కంపు కొట్టదు. చాకుతో కోయగా కోయగా బొటనవేలంత గట్టి ముక్క మిగిలింది. ఆరబెట్టి, ఇసుక బాగా కలిపిన కుండీలో పెట్టాను. బతికింది.

అసలు అవమానం డిసెంబరులో జరిగింది. రాత్రి 15 డిగ్రీలు. మేమంతా మంకీ టోపీల్లో ఉన్నాం. ఐరిస్‌కేమో వారాల తరబడి గట్టి చలి తగిలితే తప్ప మొగ్గ తొడగాలనే బుద్ధి పుట్టదు. మా 15 డిగ్రీలను అది చలి కిందే జమకట్టలేదు. 1760లో హైదరాలీ లాల్‌బాగ్‌కు పునాది వేసిన ఊరు, ఏటా రెండుసార్లు పూల ప్రదర్శన పెట్టే ఊరు. ఆ ఊరి చలికి ఒక దుంప సర్టిఫికెట్ ఇవ్వాలా?

అయినా పంతానికి పోయి కుండీలోంచి తీసి, కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. నాలుగో రోజున మా అత్తగారు చాకు పట్టుకుని, "బాబూ, ఈ అల్లానికి ఘాటు లేదేమిటి?" అన్నారు. పక్కనే స్టవ్ మీద టీ మరుగుతోంది. ఐరిస్ దుంప కడుపులోకి వెళితే వాంతులూ విరేచనాలూ ఖాయం. ఆ క్షణంలో నా టెన్షన్ పూల గురించి కాదు. దుంప తిరిగి కుండీకి చేరింది.

చివరికి అసోసియేషన్ మీటింగులో తీర్మానం పెట్టాను. 15 డిగ్రీలను ఇకమీదట చలిగా గుర్తించాలని. ఏకగ్రీవంగా నెగ్గింది, దుంపకు కాపీ అందినట్టు లేదు. గేటు దగ్గర నందివర్ధనం ఎవరూ నీళ్ళు పోయకుండానే విరగబూస్తోంది కానీ, దానికి కేటలాగు లేదు కదా, అది లెక్కలోకి రాదు.

నిన్న బావగారే ఫోన్ చేశారు. "ఏం బావా, ఇంకా ఫ్యాన్ లేకుండానే ఉన్నారా?" కుండీ వైపు చూశాను. మొగ్గ జాడ లేదు. అయిదు ఆకులు మాత్రం విసనకర్రలా విచ్చుకుని నిలబడ్డాయి.

"ఒకటి పెట్టించాం బావా," అన్నాను.