ఇరవై గ్రాముల గడప

మా సంస్థ ప్రకటన ఉత్తరాలను 3,000 మంది ఖాతాదారులకు పంపే బాధ్యతను నాకు అప్పగించినప్పుడు, అందులోని కష్టమంతా చిరునామాలు పోగుచేయడంలోనే ఉంటుందని, కవర్లు సిద్ధమయ్యాక వాటిని తపాలా కార్యాలయంలో అప్పగించి రావడం సంచీ దింపినంత తేలిక అని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

లెక్క చూసుకోకుండా దిగానని మాత్రం ఎవరూ అనలేరు. ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే ఏ4 వస్తుంది గనుక, చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం తూకం 80లో పదహారో వంతు, అంటే 5 గ్రాములు. ఉత్తరానికి ఆ 5, నిగనిగలాడే 130 జీఎస్‌ఎం కరపత్రానికి 8, కవరుకు నాలుగున్నర, వెరసి పదిహేడున్నర గ్రాములు. తపాలా రుసుములో మాకు వర్తించే మొదటి మెట్టు 20 గ్రాములతో ముగుస్తుంది కాబట్టి, ఇంకా రెండున్నర గ్రాములు మిగిలాయని మా యజమానిగారికి గర్వంగా విన్నవించాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. మిగులు ఉందని తెలిస్తే యజమానులకు నిద్ర పట్టదు. మర్నాటి ఉదయానికల్లా, కరపత్రం వేసిన కాగితం మీదనే, ఏ4లో మూడో వంతు కొలతతో తగ్గింపు కూపనొకటి అచ్చయి నా బల్ల మీద కూర్చుంది.

“ఆకంత కాగితమేగా, ఉత్తరంతోపాటు పెట్టించేయండి,” అన్నారాయన. “ఇందులో జతపరచిన కూపనును చూడగలరు” అనే వాక్యాన్ని ఉత్తరంలో స్వహస్తాలతో చేర్చింది కూడా ఆయనే.

అనుమానం తీరక మా ఇంట్లోని వంటింటి కాటాను తెచ్చి, అన్నీ నింపిన కవరొకటి దాని మీద పెట్టాను. 20 అని చూపింది. దశాంశాల విషయంలో ఆ కాటాకు మొహమాటం ఎక్కువని, ఇరవై పైన ఉన్న చిల్లరను అది పైకి చెప్పకుండా దిగమింగుతుందని అప్పటికి నాకు తెలియదు.

ఆ తరువాత మూడు రోజులు నలుగురం కూర్చుని ఉత్తరాలను మూడు మడతలు పెట్టాం. కవరు ముందున్న పారదర్శకపు కాగితంలోంచి చిరునామా సరిగ్గా కనబడేలా మడవాలి. మడత అరంగుళం అటూ ఇటూ అయితే, గ్రహీత పేరుకు బదులు “ప్రియమైన వినియోగదారులారా” అనే పిలుపు బయటకు తొంగిచూస్తుంది, ఆ పేరుగలవారి ఇల్లు ఏ పోస్ట్‌మ్యాన్‌కూ తెలియదు. సాసరులో నీళ్ళు పోసి స్పాంజి ముక్క నానబెట్టి, కవరు నాలుకను దాని మీద రాసి మూయడం నా వంతు. నూరు కవర్లు దాటేసరికి నా బొటనవేలు ఏది ముట్టుకున్నా దానికి అతుక్కునే స్థితికి వచ్చింది. మూసిన కవర్లను పిన్‌కోడ్ వారీగా వేరుచేసి, ముఖాలన్నీ ఒకే వైపుకు తిప్పి, కట్టలు కట్టి, ఒక్కో కట్ట మీద చీటీ పెట్టి, ట్రేలలో నిలువుగా పేర్చాం. ఒకేసారి వేలల్లో అప్పగించే ఉత్తరాలకు, అంటే బల్క్ మెయిల్‌కు ఇచ్చే రాయితీ అంతా ఇందుకే. వాళ్ళు చేయవలసిన వడపోతను మనమే చేసిపెడతాం, వాళ్ళు సంతోషించి కొంత తగ్గిస్తారు.

కౌంటరులోని గుమాస్తాగారు చాలా మర్యాదస్థులు. నేనిచ్చిన పత్రంలోని సంఖ్యను చూసి, కవర్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెడతారేమోనని నేను భయపడుతుండగా, ఆయన ముందు ఒక కవరును, తరువాత పది కవర్లను కలిపి తూచారు. మొత్తం తూకాన్ని ఒక కవరు తూకంతో భాగిస్తే సంఖ్య దానంతటదే బయటపడుతుందట. ఆ తెలివికి నేను ముచ్చటపడేలోపే ఆయన అద్దాలు సవరించుకున్నారు.

“ఇరవై పాయింట్ నాలుగు ఉందండీ.”

“నాలుగేగా, సార్.”

“గ్రాములో పదింట నాలుగు వంతులే. కానీ ఇరవై దాటితే రెండో మెట్టే.”

ఒక్క కవరే ఎక్కువ తూగిందేమో, వేరేది తూచి చూడమని ప్రాధేయపడ్డాను. ఆయన ఓపికగా వేర్వేరు కట్టలనుంచి అయిదు కవర్లు తీసి తూచారు. అన్నీ ఇరవై పాయింట్ నాలుగే. “బల్క్ మెయిల్ అంటే అన్నీ ఒకే తూకంలో ఉండాలండీ. ఆ విషయంలో మీ పనికి వంక పెట్టలేం,” అన్నారు.

ట్రేలు తిరిగి బండిలోకి ఎక్కిస్తూ, ఈ తూకాల పద్ధతిని తెచ్చిన రోలండ్ హిల్‌ను నేను కొంచెం విసుక్కున్న మాట వాస్తవం. 1840లో ఆయన సంస్కరణ వచ్చేదాకా బ్రిటన్‌లో ఉత్తరానికి దూరాన్నిబట్టి, కాగితాల సంఖ్యనుబట్టి రుసుము కట్టేవారు. కవరును కూడా ఒక కాగితంగానే లెక్కించేవారు గనుక అప్పుడైనా మా కూపను మమ్మల్ని ముంచేదే. అయితే ఆ రోజుల్లో సాధారణంగా రుసుము చెల్లించేది ఉత్తరం అందుకున్నవారు. సొంత డబ్బిచ్చి మా కరపత్రాన్ని విడిపించుకునే ఖాతాదారుణ్ణి ఊహించుకోబోయి విరమించుకున్నాను.

రెండో మెట్టు రుసుమును 3,000తో గుణించి చూపించగానే యజమానిగారు కాసేపు మౌనం వహించి, “తడి జిగురు బరువై ఉంటుంది, ఆరబెట్టండి,” అన్నారు. మాటలో నిజం లేకపోలేదు. ఆ రాత్రి ఆఫీసులోని ఫ్యాన్లన్నీ తిప్పి, కవర్లను బల్లల మీద, కుర్చీల మీద, చివరకు నేల మీద పరిచి ఆరబెట్టాం; కష్టపడి పిన్‌కోడ్ వారీగా పేర్చిన వరస గాలికి ఎగిరి కలగాపులగమైంది. పొద్దున్నే తాజా బ్యాటరీ వేసిన మరో కాటా మీద తూచితే 20.3 వచ్చింది. రాత్రంతా నాలుగు ఫ్యాన్లు తిరిగితే గ్రాములో పదో వంతు దిగింది. అదే ఊపులో ఇంకొంచెం ఆరనిద్దామనుకుంటుండగా వాన మొదలైంది. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుందన్నది నేను చదువుకున్న విషయమే, మధ్యాహ్నానికి 20.5 చూసినప్పుడు మాత్రం అది నా మీద కక్షగట్టి పీల్చుకున్నట్టు అనిపించింది.

ఇక కవర్లు చింపక తప్పలేదు. ప్రతి కవరులోంచి కూపను బయటకు లాగి, ఉత్తరాన్ని కరపత్రంతో కలిపి కొత్త కవరులో పెట్టి, మళ్ళీ స్పాంజి, మళ్ళీ పిన్‌కోడ్లు, మళ్ళీ కట్టలు. నాలుగో రోజు అదే గుమాస్తాగారు తూచి 17.6 అని ప్రకటించి ముద్ర వేసినప్పుడు, ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది.

వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఉత్తరంలో జతపరిచామన్న కూపను తమ కవరులో లేదని, పోస్ట్‌మ్యాన్ కాజేశాడా అని ఒకరి తరువాత ఒకరు అడుగుతున్నారు. ఆ వాక్యాన్ని తీసేయాలని మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. సాయంత్రానికి యజమానిగారు నన్ను పిలిచి, 3,000 కూపన్లనూ విడిగా కవర్లలో పెట్టి పంపించమన్నారు. తలవంచుకుని లెక్క చెప్పాను: కూపను 2.7, కవరు నాలుగున్నర, మొత్తం 7.2 గ్రాములు.

“అయితే ఇంకా దాదాపు 13 గ్రాములు ఖాళీ ఉందన్నమాట,” అన్నారాయన, కుర్చీలో ముందుకు జరుగుతూ.