శుభలేఖతో టాపెట్, బొటనవేలితో బోరు

కొలత మన మర్యాదకు సరిపడదు. ఇంటికొచ్చిన వియ్యంకుడికి అన్నం తూకం వేసి వడ్డిస్తామా? అలాంటిది, నమ్ముకుని షెడ్డుకొచ్చిన అంబాసిడర్ ఇంజన్ని ఇంచులో వెయ్యో వంతు దాకా కొలవమనడం ఏం సంస్కారం? నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పాత కార్ల మీద ప్రేమ పుట్టిన పెద్దమనుషులు ఈమధ్య ఎక్కువయ్యారు. తాతగారి తెల్ల అంబాసిడర్‌ని గొడ్లచావడిలోంచి బయటికి తోయించి, జీవితంలో మొదటిసారి ఇంజన్ విప్పుతున్నారు. సంతోషమే. కానీ వీళ్లలో కొందరు మైక్రోమీటర్, బోర్ గేజ్, టార్క్ రెంచ్ అని పరాయి మాటలు మాట్లాడుతున్నారు. తరతరాలుగా వస్తున్న మన అందాజా సంప్రదాయానికి ఇంతకంటే ముప్పు లేదు. ఆ సంప్రదాయం తరఫున నాలుగు ముక్కలు చెప్పకపోతే ఎట్లా?

ముందు సరుకు సంగతి. పెట్రోల్ అంబాసిడర్లో దశాబ్దాల పాటు ఉన్నది ఇంగ్లండు బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 89. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంకు; దాన్ని మోసేవి మూడే మెయిన్ బేరింగులు. సిలిండర్లు మండే వరస (ఫైరింగ్ ఆర్డర్) 1-3-4-2. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతపడేనాటికి కూడా బండి ఒళ్లు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పోలికల్లోనే ఉంది. అంత ఓపికమంతురాలు మన చేతికి దొరికితే, తొందరపడకుండా ఎలా ఉంటాం?

విప్పేటప్పుడు క్రాంకుని పట్టి ఉంచే మెయిన్ క్యాపులు, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులు, వాల్వులను కదిలించే పుష్ రాడ్లు, టాపెట్లు ఏవి ఎక్కడివో అక్కడికే వెళ్లాలనీ, విప్పకముందే ప్రతిదాని మీదా నంబరు గుద్దాలనీ మాన్యువల్ మొత్తుకుంటుంది. సంప్రదాయం ఇందుకు ఒప్పుకోదు. అన్నీ ఒకే తట్టలో పోసి కిరోసిన్ పట్టించాలి. సమానత్వం అంటే అదే కదా. మెయిన్ క్యాపులు బ్లాకుకి బిగించి ఉండగానే ఫ్యాక్టరీలో ఒకే వరసన బోరు వేస్తారు కాబట్టి, క్యాపులు అటూ ఇటూ తారుమారైతే క్రాంకు చేత్తో తిప్పినా తిరగదు. టాపెట్ అడుగుభాగం, దాన్ని పైకి తోసే కామ్ గుండు కలిసి అరిగిన జంటలు. జంట మారిస్తే కొద్ది వారాల్లోనే కామ్ గుండు నున్నగా బోడిదైపోతుంది. దానికి ‘పెట్రోల్ మంచిది కాదు’ అని ఎలాగూ చెబుతాం.

ఇక బోరు. సిలిండరు పైభాగాన రింగులు చేరని చోట చిన్న గట్టు మిగులుతుంది. దాన్ని బొటనవేలి గోరుతో తడిమి, ‘తగులుతుండాది సామీ, రీబోర్ కొట్టాల్సిందే’ (సిలిండరు లోపలివైపు కోసి వెడల్పు చేయాల్సిందే) అనడం మన పరీక్ష. పరీక్షలో తప్పు లేదు. ఆ గట్టు చాలా నిజాయితీపరురాలు. లోపం తర్వాతి అడుగులో ఉంది. ఓవర్‌సైజు పిస్టన్లు పది, ఇరవై, ముప్పై, నలభై థౌ లెక్కన వస్తాయి. థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు, తలవెంట్రుక మందంలో దాదాపు మూడో వంతు. ముందు పిస్టన్ సెట్టు చేతికి తెచ్చుకుని, ఒక్కో పిస్టన్ స్కర్టు (కింది భాగం) కొలిచి, దానికి సరిపడా సందు వదిలి ఆ సిలిండరు కొట్టాలనేది కొలతల పార్టీ సిద్ధాంతం. మన పద్ధతిలో లేత్ షాపులో ముందే ముప్పై కొట్టిస్తాం. ఆ తర్వాత 175 కిలోమీటర్ల అవతల చెన్నైలో కార్ల విడిభాగాలమ్మే జీపీ రోడ్డు అంతా తిరిగి, పుదుపేట పాత సామాన్ల సందుల్లోకి కూడా దూరితే నలభై సైజు పిస్టన్లే దొరుకుతాయి. మళ్లీ లేత్ షాపు. నలభై దాటాక మిగిలేది సిలిండర్లోకి కొత్త గొట్టం (స్లీవు) దిగ్గొట్టడమే. బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె పంచుకుంటారు. ముప్పై థౌ పిస్టన్ సెట్టు రొట్టె కూడా ఒకటి మొదలుపెడితే రెండు జిల్లాల నుంచీ జనం వస్తారు.

హోనింగ్ (కొట్టిన బోరుని సానరాళ్లతో రుద్ది అడ్డగీతలు వేయడం) అయ్యాక బ్లాకుని ఏం చేయాలనే దానిమీద అసలైన సైద్ధాంతిక యుద్ధం ఉంది. మనం పెట్రోలో డీజిలో చల్లి బనియన్ వేస్టుతో ఒక్కసారి తుడిచేస్తాం. మిలమిలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి మోసపోని మనిషి తెల్లటి పాత ధోవతి గుడ్డ మీద రెండు చుక్కల ఇంజనాయిల్ వేసి బోరు లోపల రాసి చూస్తాడు. గుడ్డ బూడిదరంగులో బయటికొస్తుంది. హోనింగ్ రాళ్ల పొడి ఆ అడ్డగీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోలు దాన్ని కదిలించలేదు. వేడినీళ్లలో బట్టల సబ్బు పొడి కలిపి, గట్టి బ్రష్షుతో తోమాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తోమాలి. ఆయిల్ గ్యాలరీల (బ్లాకు లోపల నూనె పారే దారుల) చివర బిగించిన ప్లగ్గులు కూడా ఊడదీసి, సన్నటి బ్రష్షు దూర్చి కడగాలి. లేకపోతే కొత్త రింగులు, కొత్త బేరింగులు తొలిరోజే ఆ రాతిపొడితో అరగడం మొదలుపెడతాయి. ఇంతా చేసి గాలికి ఆరబెట్టి భోజనానికి వెళ్లారో, వచ్చేసరికి బోరు పసుపు పూసినట్టు తుప్పు పట్టి ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. నీళ్లు తుడిచిన చేత్తోనే నూనె పట్టించాలి. ఒక్క సబ్బు పొడి కోసం ఇంత సంప్రదాయాన్ని వదులుకోమనడం మాకు బాధగానే ఉంది.

సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు సమంగా ఉందో లేదో చూడటంలో ప్రకాశం జిల్లా వాసులకు దైవదత్తమైన సౌకర్యం ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఉండగా తిన్నటి ఇనుప పట్టీ (స్ట్రెయిట్ ఎడ్జ్), సందు కొలిచే రేకులు (ఫీలర్ గేజ్) ఎందుకు? వంటింటి బండ మీద ఎమ్రీ పేపరు పరిచి, హెడ్డు బోర్లించి, ఇంట్లో వాళ్లు గుడికి వెళ్లిన సమయంలో రుద్దేస్తే సరి. వంటింటి బండ మెరుపు కోసం పాలిష్ పట్టింది, సమతలం కోసం కాదు. అది మధ్యలో రెండు మూడు థౌ ఉబ్బి ఉన్నా మిక్సీకి ఇబ్బంది లేదు, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య పరిచే హెడ్ గాస్కెట్‌కి ఉంది. రెండు సిలిండర్ల మధ్య సన్నటి చోట గాస్కెట్ కాలి, ఒకదాని కంప్రెషన్ పక్కదాంట్లోకి పోతుంది. ఆ బండ మీద గీతలకు లెక్క చెప్పుకోవాల్సిన అధికారి ఇంట్లోనే ఉంటారు కాబట్టి దాని గురించి ఇక్కడ రాయం.

హెడ్డు విప్పిన సమయంలోనే ఇంకో మాట. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. ఎగ్జాస్ట్ వాల్వ్ (పొగ బయటికి వదిలే వాల్వు) ఆనుకునే సీటు అరక్కుండా చూసింది ఆ సీసమే. హెడ్డు ఇప్పుడే లేత్ షాపుకి పంపి, గట్టి సీట్ రింగులు వేయించుకోవడం తెలివైన పని. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. బండిలోని పాత పెట్రోల్ పంపు పొర (డయాఫ్రమ్), రబ్బరు గొట్టాలు దాని దెబ్బకు ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్‌కి తట్టుకునేవి వేసుకోవాలి.

క్రాంకు దగ్గర మన చేతి లెక్కకు నిజమైన సవాలు ఎదురవుతుంది. క్రాంకు ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే అరచంద్రం ఆకారపు థ్రస్ట్ వాషర్లు మధ్య మెయిన్‌కి రెండు పక్కలా కూర్చుంటాయి. వాటి మీది నూనె గాడులు క్రాంకు వైపు చూడాలి. తిరగేసి పెడితే బిగింపులో తేడా తెలియదు, చూసే కంటికి అందంగానే ఉంటుంది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంకు ముందుకు తోసుకొచ్చి, వాటిని నూనె లేకుండా అరగదీస్తుంది. అలాగే కనెక్టింగ్ రాడ్ బోల్టులకు 35, మెయిన్‌కి 70 ఫుట్ పౌండ్ల బిగువు. మన కొలమానం ‘ముక్కు దాకా’. దీనితో చిక్కేమిటంటే పొద్దున టిఫిన్ తిన్న మెకానిక్ ముక్కు వేరు, మధ్యాహ్నం మూడింటికి రోహిణి కార్తెలో అదే మెకానిక్ ముక్కు వేరు. నాలుగు రాడ్లకి నాలుగు బిగువులు వస్తాయి. ఒక్కో క్యాపు బిగించిన వెంటనే క్రాంకు చేత్తో తిప్పి చూడటం మాత్రం మన వాళ్ల పాత అలవాటే. దాన్ని కొలతల పార్టీ కూడా కాదనదు.

పిస్టన్ రింగు పెట్టెలోంచి తీసి నేరుగా పిస్టన్‌కి ఎక్కించడం మన ఉత్సాహం. కొత్త రింగు కదా, కంపెనీ వాళ్లకు తెలియదా? తెలియదు. మీ బోరు మీ లేత్ షాపు కొట్టింది. రింగుని ఖాళీ సిలిండర్లో పెట్టి, పిస్టన్‌ని తిరగేసి దాంతో ఓ అంగుళం లోతుకి సమంగా తోసి, చివరల మధ్య సందు చూడాలి. ఎనిమిది నుంచి 13 థౌ ఉండాలి. తక్కువైతే వేడికి రింగు పెరిగి, చివరలు ఒకదానికొకటి గుద్దుకుని బోరు గీరేస్తుంది. బాగా ఎక్కువైతే కంప్రెషన్ కిందికి దిగి, సైలెన్సర్ నుంచి పొగ, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం (బ్రీదర్) నుంచి నూనె. ఎక్కించాక సందులన్నీ ఒకే వరసలో రాకుండా చుట్టూ పంచాలి.

ఇప్పుడు శుభలేఖ. టాపెట్ సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య వదిలే ఖాళీ, 15 థౌ. ఫీలర్ గేజ్ కొనడం ఇష్టం లేని వాళ్లు శుభలేఖ కార్డు దూర్చి చూస్తారు. స్పార్కు సమయాన్ని నడిపే డిస్ట్రిబ్యూటర్ పాయింటుకి కూడా 15 థౌ కాబట్టి అదే కార్డు రెండు పనులకూ వస్తుంది. ఆదా గొప్పదే. అయితే కార్డు మందం వియ్యాలవారి స్తోమతును బట్టి మారుతుంది. రొయ్యల చెరువుల సీజన్ బాగున్న ఏడాది వచ్చిన కార్డయితే 25 థౌ దాటి, ఇంజన్ కుట్టుమిషన్లా టకటకమంటుంది. గిట్టుబాటు లేని ఏడాది పొగాకు రైతు ఇంటి కార్డు పెడితే సందు చాలక, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక, అంచు కాలిపోతుంది. ఎలాగూ పొదుపే కావాలంటే మామూలు గడ్డం బ్లేడు మందం పదో వంతు మిల్లీమీటరు, అంటే నాలుగు థౌ. నాలుగు బ్లేడ్లు కలిపితే 16. శుభలేఖ కంటే బ్లేడుకి నిలకడ ఎక్కువ. వరస మాత్రం తొమ్మిది లెక్క: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకుంటే రెండోది. ఎప్పుడూ మొత్తం తొమ్మిది.

స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, నూనె ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పాలి. ఇంజన్ అందుకున్న మొదటి నిమిషం నుంచీ 20 నిమిషాల పాటు నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర ఉంచితేనే కామ్‌కి నూనె చాలినంత చిమ్ముతుంది. ‘సెట్టవ్వాలి సామీ’ అని పొద్దస్తమానం స్లోలో వదిలేసే మన ఆచారం వల్ల రింగులు కూర్చోకుండానే బోరు అద్దంలా నున్నబడి, ఆ తర్వాత ఎంత తిప్పినా నూనె తాగుతూనే ఉంటుంది.

ఇంత చెప్పాక కొలతల పార్టీ వాళ్లకు ఒక కబురు. ఈ ఇంజన్ వెనక మెయిన్ దగ్గర రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీద స్క్రూ చుట్టులా చెక్కిన గాడి తిరుగుతూ నూనెను లోపలికి తోస్తుంది, అంతే. రింగులు ఎంత బాగున్నా, గాస్కెట్లన్నీ కొత్తవైనా, లోపల కాస్త గాలి ఒత్తిడి పెరిగితే క్లచ్‌ని కప్పే బెల్ హౌసింగ్ అడుగున ఒక చుక్క వేలాడుతుంది. అన్నీ కొలిచి, మాన్యువల్ ప్రకారం బిగించిన పెద్దమనిషి షెడ్డు నేల మీద ఆ చుక్క పడగానే, ఎదురు బెంచీ మీద టీ తాగుతున్న మెకానిక్ గ్లాసు కింద పెట్టి వంగి చూస్తాడు. ‘అంత కొలిచినా కారుతానే ఉండాదే సామీ!’