మెడ నలుపు తోమితే పోదు

మా మావయ్యకి నడుం చుట్టూ, సరిగ్గా మొలతాడు ఒరుసుకునే చోట తామర పట్టింది. మెడికల్ షాపుకెళ్లి "దురదకి ఏదైనా ట్యూబు ఇవ్వు బాబూ" అని అడిగి తెచ్చుకున్నాడు. రెండు రోజుల్లో దురద పోయింది. పూయడం ఆపగానే మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. అలా ఎనిమిది నెలలు గడిపి, తొడల దాకా పాకాక అప్పుడు చర్మం డాక్టరు దగ్గరికొచ్చాడు. షుగర్ ఉన్నవాళ్లకి ఇలాంటి ఫంగస్ తేలిగ్గా పడుతుంది కాబట్టి ఆవిడ ముందు షుగర్ టెస్టు రాసింది. పరగడుపున 240.

ఈ ఎనిమిది నెలల్లో ఒక్కరు కూడా షుగర్ చూపించుకున్నావా అని అడగలేదు. నాకు కోపం అక్కడే. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఉన్న సంగతే తెలియని వాళ్లు వీళ్లలో బోలెడుమంది. వాళ్లు రక్తపరీక్షకి రారు గానీ దురదకి మందు కోసం మాత్రం తప్పకుండా వస్తారు.

ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, దాంతోపాటు చర్మానికున్న రక్షణనీ అణిచేస్తుంది కాబట్టి ఫంగస్ లోపల హాయిగా పెరుగుతుంది. ఒంట్లో ఎక్కువ మేర, నెలల తరబడి పూస్తే రక్తంలోకి ఇంకి షుగర్ కూడా పెంచగలదు. చర్మానికి పూసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితా కిందికి తెచ్చింది. మీ వీధి చివర షాపులో అడిగి చూడండి, ఏం జరుగుతుందో.

పిల్లల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. మెడ వెనక మఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా మారితే "స్నానం సరిగ్గా చెయ్యవా" అని తిట్టి, సున్నిపిండి పెట్టి, నిమ్మచెక్కతో రుద్ది, మంటపుట్టి ఏడుస్తున్నా వదలరు. అది మురికైతే కదా పోవడానికి! చాలాసార్లు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఒళ్లు దాన్ని మరీ ఎక్కువగా తయారుచేస్తుంటే ఆ ఎక్కువైన ఇన్సులిన్‌కి చర్మకణాలు పెరిగి అలా కనిపిస్తుంది. అందరికీ షుగర్ ఉన్నట్టు కాదు, కానీ పరీక్ష చేయించాలి. బరువు తగ్గితే ఆ నలుపూ పలచబడుతుంది.

ఇంకోటి, నోటితో చెప్పుకోలేనిది. షుగర్ జబ్బుకి వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు రక్తంలోని షుగర్‌ని మూత్రంలోకి పంపేస్తాయి. మంచి మందులే, పేటెంట్ ముగిశాక చవకయ్యాయి కూడా. కానీ ఆ తీపికి మర్మాంగాల దగ్గర ఫంగస్ పట్టి దురద, మంట రావచ్చు. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని తడి తుడుచుకోండి, దురద వస్తే సిగ్గుపడకుండా చెప్పండి అని మందు రాసేటప్పుడే ఒక్క మాట అంటే చాలు. అనకపోతే మనిషి గుట్టుగా మాత్రన్నా మానేస్తాడు, ఆ ట్యూబన్నా తెచ్చుకుంటాడు.

పాదాలు సరే, అందరికీ తెలిసిందే అనుకుంటాం. కానీ షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న కాలికి చెమట పట్టదు, మడమ పగుళ్లిస్తుంది, వేడీ తెలియదు. మే నెల ఎండలో గుడి బండల మీద ప్రదక్షిణం చేసొచ్చి, సాయంత్రం బొబ్బలు చూసుకుని ఎప్పుడు కాలిందో తెలియని వాళ్లున్నారు.

మావయ్యకి షుగర్ అదుపులోకొచ్చి, రెండు నెలలు ఫంగస్ మాత్రలు మింగాక తామర తగ్గింది. స్టెరాయిడ్‌కి పలచబడిన తొడల మీద చారలు మాత్రం అలాగే ఉండిపోయాయి.