పక్క సీటు మాట వినని కాక్‌పిట్లు

నెల్లూరుకు విమానాశ్రయం లేదు. దగదర్తిలో వస్తుందని ఏళ్ల తరబడి వింటున్నాం, ప్రభుత్వం మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి వింటున్నాం. విమానం ఎక్కాలంటే మనం మద్రాసుకో రేణిగుంటకో పోవాలి, ఒంగోలు వాళ్లయితే గన్నవరం. అయినా విమానాల పిచ్చి పట్టినవాడికి అదేమంత లోటు కాదు. విశాఖ, కోల్‌కతా వైపు నుంచి చెన్నై పోయే విమానాలు మా నెత్తి మీదుగానే పోతుంటాయి, మిద్దె మీద నిలబడి ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ తెరిస్తే అది ఏ విమానమో, ఎంత ఎత్తులో ఉందో తెలిసిపోతుంది. ఈ పిచ్చి ముదిరితే ఇంకో పిచ్చి పట్టుకుంటుంది, ప్రమాదాల విచారణ నివేదికలు చదవడం. మా ఇంట్లో ఇది ఎవరికీ నచ్చదు, "పొద్దున్నే ఆ చావుల గోల నీకెందుకు" అంటారు.

నిజానికి వాటిలో చావుల గురించి ఉండేది చాలా తక్కువ. ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారు, ఏ స్విచ్ ఎటు తిప్పారు, ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఇదీ అందులో సరుకు. రెక్క విరుగుతుందేమో, ఇంజన్ పేలుతుందేమో అని మనం కిటికీ పక్కన కూర్చుని టెన్షన్ పడతాం గానీ, ఎన్నో పెద్ద ప్రమాదాల్లో విమానం నిక్షేపంగా ఉంది. ఏదో తేడా కొడుతోందని కాక్‌పిట్‌లో ఒకరికి ముందే తెలుసు కూడా. తెలిసినవాడు నోరు విప్పలేదు, లేదంటే నసిగాడు, లేదంటే గట్టిగానే చెప్పినా పక్క సీట్లోని పెద్దాయన చెవిన పెట్టలేదు.

మంగళూరు ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2010 మే 22, ఉదయం ఆరు దాటాక, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, 8 మంది బతికి బయటపడ్డారు. కొండ మీద కట్టిన టేబుల్‌టాప్ రన్‌వే కాబట్టి తప్పంతా దానిదేనని అప్పట్లో టీవీల్లో ఊదరగొట్టారు. వాయిస్ రికార్డర్ విన్నాక అసలు కథ బయటపడింది. అందులో రికార్డయిన రెండు గంటల చిల్లరలో మొదటి గంటా నలభై నిమిషాలు ఇద్దరి మధ్యా మాటే లేదు, వినిపించేది కెప్టెన్ గురక. ఆయన లేచి దించడానికి సిద్ధమై, రన్‌వే దగ్గరికి వచ్చేసరికి విమానం ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. అక్కడి నుంచి బలవంతాన కిందికి తోశారు. కో పైలట్ "గో అరౌండ్" అన్నాడు, అంటే ఇప్పుడు దిగొద్దు, పైకి లేపి ఒక చుట్టు తిరిగి మళ్లీ వద్దాం అని. మూడుసార్లు అన్నాడు. కంప్యూటర్ గొంతు కూడా హెచ్చరిస్తూనే ఉంది. కెప్టెన్ దించేశాడు. 8 వేల అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు వెనక్కి పోయాక చక్రాలు నేలను తాకాయి.

ఆ కో పైలట్‌ను తలచుకుంటే నాకు జాలీ, కోపం రెండూ వస్తాయి. కెప్టెన్ వినకపోతే కంట్రోల్స్ తన చేతుల్లోకి తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. పుస్తకంలో అంతే రాసి ఉంటుంది. కానీ వయసులో, అనుభవంలో తనకంటే ఎంతో పెద్దవాడి చేతిలోంచి, నేల ఇంకొన్ని సెకన్ల దూరంలో ఉండగా, వెనకాల 160 మంది కూర్చుని ఉండగా విమానాన్ని లాక్కోవడమంటే మాటలా? లాక్కుని సురక్షితంగా దించినా మర్నాడు ఆఫీసులో సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతనే.

సరే, పాఠం నేర్చుకున్నాం అనుకున్నాం. పదేళ్లు తిరిగాయి, 2020 ఆగస్టు 7న కోజికోడ్. అదే సంస్థ, అదే రకం విమానం, మళ్లీ దుబాయ్ నుంచే, మళ్లీ టేబుల్‌టాప్ రన్‌వే. జోరు వాన, వెనక నుంచి తోసే గాలి, కెప్టెన్ వైపు వైపర్ మొరాయించింది. చక్రాలు రన్‌వే సగానికి వచ్చాక గానీ ఆనలేదు. కో పైలట్ "గో అరౌండ్" అన్నాడు. ఫలితం లేదు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు. కెప్టెన్ అల్లాటప్పా మనిషి కాదు, వాయుసేనలో పనిచేసి మంచి పేరు తెచ్చుకున్నవాడు. నియమం ప్రకారం పైకి లేపకపోవడం, పక్కనున్నవాడు కంట్రోల్స్ తీసుకోకపోవడం రెండింటినీ విచారణ నివేదిక వేలెత్తి చూపింది. అంతటితో ఆగలేదు, అందుకే నాకు ఆ నివేదిక మీద గౌరవం. మర్నాడు పొద్దున అదే కెప్టెన్ కోజికోడ్ నుంచి ఇంకో సర్వీసు నడపాలి, ఆ బేస్‌లో కెప్టెన్లకు కరువు, వేరే ఊళ్లో దిగితే రేపటి షెడ్యూలు దెబ్బతింటుంది, ఈ లెక్క కూడా ఆయన బుర్ర మీద పనిచేసిందని రాశారు. అంటే ఆ రాత్రి కాక్‌పిట్‌లో ఇద్దరే లేరు, డ్యూటీ చార్టు వేసిన ఆఫీసు కూడా అక్కడే కూర్చుని ఉంది.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు అనుకోవద్దు. విమానయాన చరిత్రలో అతి పెద్ద ప్రమాదం 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, ఇంకా గాల్లోకి లేవకముందే రన్‌వే మీద జరిగింది. పొగమంచులో రెండు జంబోజెట్లు గుద్దుకుని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటైన డచ్ సంస్థ కేఎల్‌ఎం విమానం కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద తలకాయ. విమానం పరుగు మొదలుపెట్టాక వెనక సీట్లోని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు, ఆ పాన్ అమెరికన్ విమానం ఇంకా తప్పుకోలేదా అని. తప్పుకుందన్నాడు కెప్టెన్, అనుమానమే లేనట్టు. ఇంజనీర్ ఊరుకున్నాడు.

మరుసటి ఏడాది డిసెంబర్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం చక్రాలు సరిగ్గా దిగాయో లేదోనన్న అనుమానంతో దాదాపు గంటసేపు ఆకాశంలోనే తిరిగింది, ఇంధనం అయిపోతోందని కాక్‌పిట్‌లో కెప్టెన్ కాక మిగతా ఇద్దరికీ తెలుస్తూనే ఉంది, చెప్పీ చెప్పనట్టు చెప్పారు, చివరికి ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయి ఊరి శివార్లలో కూలింది. పది మంది చనిపోయారు. ఆ దెబ్బతోనే యునైటెడ్ 1981లో సీఆర్‌ఎం అనే శిక్షణ మొదలుపెట్టింది, కాక్‌పిట్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని నోరు తిరగని పేరు. అందులో ఉన్నదల్లా జూనియర్‌కు చెప్పడం నేర్పడం, సీనియర్‌కు వినడం నేర్పడం. రెండోదే కష్టం. ఫలితం ఎలా ఉంటుందో 1989 జూలైలో అదే సంస్థ చూసింది. అమెరికాలోని సూ సిటీలో దిగిన డీసీ-10 విమానానికి గాల్లో మధ్య ఇంజన్ పగిలి హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి, స్టీరింగ్ లేని బండి లాంటి పరిస్థితి. కెప్టెన్ నేనే చూసుకుంటానని పట్టుబట్టకుండా, ప్రయాణికుల్లో ఉన్న ఒక శిక్షణ పైలట్‌ను కూడా లోపలికి రమ్మని, ఆయన చేతికి ఇంజన్ల థ్రాటిల్స్ ఇచ్చాడు. 296 మందిలో 184 మంది బతికారు. ఒక్కడే చేసుంటే ఆ సంఖ్య వచ్చేది కాదని ఆ కెప్టెనే తర్వాత ఊరూరా తిరిగి చెప్పాడు.

పోర్ట్‌లాండ్ కథ చదివినప్పుడల్లా నాకు మన నల్లమల గుర్తొస్తుంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఆచూకీ తెలియకుండా పోయిన ఆ రోజు మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు జనం టీవీల ముందు నుంచి లేవలేదు. దాని మీద ఎన్ని కుట్ర కథలు విన్నామో లెక్కే లేదు. ఆ ప్రమాదాన్ని విచారించిన త్యాగి కమిటీ చెప్పింది మాత్రం అంత రంజుగా ఉండదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వచ్చింది, దానికేం చేయాలో ఫ్లైట్ మాన్యువల్‌లో వెతుకుతూ పైలట్లు నిమిషాలకు నిమిషాలు పోగొట్టుకున్నారు, ఎదురుగా ఉన్న మేఘాల సంగతి వెనక్కి పోయింది. మీరు ఆ పేజీ చూడండి, నేను బయట చూస్తాను అని పని పంచుకోవడం కూడా సీఆర్‌ఎంలో మొదటి పాఠాల్లో ఒకటి.

మనలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఉగ్గుపాలతో నేర్పుతారు. ఇంట్లో అది మర్యాదే కావచ్చు. ఆఫీసులో సారు తప్పు చెప్తున్నాడని తెలిసినా "అవును సార్" అనేవాడికే ప్రమోషన్. అలా పాతికేళ్లు పెరిగిన కుర్రాడిని కుడి సీట్లో కూర్చోబెట్టి, అవసరమైతే కెప్టెన్ చేతిలోంచి లాక్కో అని ఒక్క శిక్షణలో చెప్తే వాడికి చేతులెలా వస్తాయి? కొరియన్ ఎయిర్‌కూ ఇదే రోగం ఉండేది. 1999 డిసెంబర్‌లో లండన్ స్టాన్‌స్టెడ్ దగ్గర కెప్టెన్ ముందున్న పరికరం తప్పు చూపిస్తుంటే, సరైన పరికరం తన ముందే ఉన్న కో పైలట్ నోరు మెదపకపోవడంతో సరుకు విమానం కూలిపోయింది. ఆ తర్వాత వాళ్లు బయటి నుంచి మనుషుల్ని తెచ్చి శిక్షణ మొత్తం మార్చేశారు, ఇప్పటిదాకా మళ్లీ ప్రాణం తీసిన ప్రమాదం లేదు. అంటే సంస్కృతి పేరు చెప్పి చేతులెత్తేయక్కర్లేదు.

రోడ్డు మీదికి రండి. కొరిశపాడు దగ్గర మన 16వ నంబరు హైవేను 4.1 కిలోమీటర్ల ఎయిర్‌స్ట్రిప్‌గా కట్టారు, 2024 మార్చి 18న వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ విమానాలను దాని మీద దించింది కూడా. విమానం దిగేంత మంచి రోడ్డు! అదే హైవే మీద కావలికీ ఒంగోలుకూ మధ్య తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని ట్రావెల్స్ బస్సు వెనక నుంచి ఢీకొందని ఎన్నిసార్లు చదివాం? "డ్రైవర్ నిద్రమత్తే కారణమని పోలీసులు ప్రాథమికంగా నిర్ధారించారు." అక్కడితో వార్త అయిపోతుంది. ఆ డ్రైవర్‌కది వరసగా ఎన్నో రాత్రి, రెండో డ్రైవర్ ఉన్నాడా, పక్కనున్న క్లీనర్ కుర్రాడు "అన్నా, టీ తాగుదాం ఆపు" అన్నాడా, అంటే ఏమన్నాడు, ఎవరూ అడగరు. విమానాలు రోడ్ల కంటే భద్రంగా ఉన్నాయంటే ఆ తర్వాతి ప్రశ్నలు అడగబట్టే.

అహ్మదాబాద్ విషయంలోనూ మనం బస్సు పద్ధతిలోనే పోయాం. 2025 జూన్ 12న అక్కడ కూలిన ఎయిర్ ఇండియా విమానంలో 241 మంది, కింద 19 మంది పోయారు. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదికలో రెండు ఇంధన స్విచ్‌లూ సెకను తేడాతో కటాఫ్‌లోకి, అంటే ఇంజన్లకు ఇంధనం ఆపేసే వైపుకి, వెళ్లాయని, ఎందుకు ఆపావని ఒకరడిగితే నేను ఆపలేదని ఇంకొకరు అన్నారని ఉంది. ఎవరు ఎవరిని అడిగారో అందులో రాయలేదు. మా వాట్సాప్ గ్రూపులో అరగంటలో తీర్పు వచ్చేసింది, పేరుతో సహా. అంతర్జాతీయ నియమావళిలోని అనెక్స్ 13 ప్రకారం విచారణ జరిపేది ప్రమాదం మళ్లీ జరక్కుండా చూడడానికే, నేరం ఎవరిదో తేల్చడం దాని పని కాదు. నోరు విప్పితే ఉరికంబం ఎక్కిస్తారని తెలిశాక రేపు ఏ పైలట్ అయినా తన పొరపాటు తానే రాసిస్తాడా?

ఇందులో మన పాత్ర కూడా ఉంది. ఒక వానాకాలం హైదరాబాద్ నుంచి రేణిగుంట వస్తున్నాను. చక్రాలు దిగిన చప్పుడు విన్నాం, కిటికీలో శేషాచలం కొండల అంచు, కింద తడిసిన రోడ్ల మీద బండ్ల లైట్లు కనిపిస్తున్నాయి, ఇక ఆనుతుంది అనుకునేలోపు ఇంజన్లు ఒక్కసారి గర్జించి ముక్కు పైకి లేచింది. విమానం అంతా గోవిందా అంది. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏందబ్బా ఇది, దించడం రాదా ఈడికి? చెన్నైకే పోయుంటే పొయ్యేదే" అని విసుక్కున్నాడు. రెండోసారి మెత్తగా దిగాక అందరూ చప్పట్లు కొట్టారు. నన్నడిగితే ఆ చప్పట్లు పడాల్సింది మొదటిసారికి. మంగళూరులో, కోజికోడ్‌లో జరగనిది మా కళ్ల ముందు జరిగింది మరి.

2025 డిసెంబర్ మొదటి వారం సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. పైలట్లకు వారానికి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఈ నిబంధనలు వస్తాయని ముందే తెలిసినా ఇండిగో సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేదు, వేల సర్వీసులు రద్దయ్యాయి, శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీదే పడుకున్నారు, పెళ్లిళ్లకు పోవాల్సినవాళ్లు ఏడ్చారు. కోపం న్యాయమే. కానీ ఆ కోపాన్ని చల్లార్చడానికి విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ చేసిందేమిటి? రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది, వారపు విశ్రాంతి స్థానంలో సెలవును లెక్కేయకూడదన్న ఆదేశాన్ని అన్ని సంస్థలకూ వెనక్కి తీసుకుంది. తయారుగా లేని సంస్థ సర్వీసులు ఇంకా తగ్గించి నిబంధనను అలాగే ఉంచాల్సింది. గురక రికార్డయిన దేశం మనది, రాత్రి నిద్ర విషయంలో బేరాలాడే హక్కు మనకు లేదు. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన రాష్ట్రం మనిషే కాబట్టి ఇంకాస్త చనువుగా అడగొచ్చు.

పైలట్లు "అలసిపోయాను, ఈ డ్యూటీ చేయలేను" అని రాసిచ్చే ఫెటీగ్ రిపోర్టులను విమాన సంస్థలు మూడు నెలలకోసారి డీజీసీఏకు పంపాలి, వాటి మీద ఏం చర్య తీసుకున్నారో కూడా చెప్పాలి, 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించినప్పుడే ఈ షరతు పెట్టారు. ఏ సంస్థకు ఎన్ని వచ్చాయి, ఎన్నింటిని ఒప్పుకున్నారు, ఎన్నింటిని పక్కన పడేశారు, ఈ మూడు అంకెలు పైలట్ల పేర్లు లేకుండా టికెట్ కొనే జనానికి కనిపించేలా పెట్టమనండి. ఆలస్యాల లెక్క నెలనెలా పేపర్లో వేస్తున్నప్పుడు దీనికి అడ్డేముంది?