ఫొటోలో పడని పని పనే కాదు

విజయవాడ యాజమాన్యాల మీద ఈమధ్య ఒక నింద బాగా వినిపిస్తోంది. ఉద్యోగుల్లో ఉత్సాహం నింపుతామంటూ కేకులు కోస్తున్నారు, బెలూన్లు కడుతున్నారు, మొక్కలు నాటుతున్నారు, అయినా ఏడాది తిరక్కుండానే మంచి పనివాళ్ళంతా పక్క వీధి కంపెనీలో తేలుతున్నారు, ఇదంతా దండగ ఖర్చు అని. ఇది తొందరపాటు మాట. ఏ పనినైనా అది దేనికోసం చేశారో చూసి కొలవాలి. ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ అనే ఈ ఉత్సాహం నింపే పని ఉద్యోగుల కోసమని ఎవరు చెప్పారు? అది ఫొటో కోసం. ఆ లెక్కన బెంజి సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా, అటు గుంటూరు బ్రాడీపేట దాకా ఒక్క కార్యక్రమం కూడా విఫలమైన దాఖలా లేదు.

శాస్త్రం కూడా యాజమాన్యాలకు అన్యాయమే చేసింది. 1990లో విలియం కాన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక వేసవి శిబిరం సిబ్బందినీ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనూ దగ్గరగా గమనించాడు. మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు కావాలన్నాడు. చేసే పనికి అర్థం ఉందనిపించాలి. నోరు తెరిస్తే ముప్పు రాదనిపించాలి. ఒంట్లోనూ మనసులోనూ ఓపిక మిగిలి ఉండాలి. బాగానే ఉంది. కానీ వీటిలో ఏది కెమెరాకు అందుతుంది? భయం లేకుండా మాట్లాడగలిగే ఉద్యోగి ఫొటోలో మామూలు మనిషిలాగే ఉంటాడు. కేకు అలా కాదు, కేకులాగే కనిపిస్తుంది.

కేకు లెక్క తెలియనివాళ్ళు దాన్ని పిసినారితనం అంటారు. కిలో కేకును మర్యాదగా కోస్తే 10, 12 ముక్కలొస్తాయి. 120 మంది ఉన్న షోరూముకు 10 కిలోలు కావాలి. వచ్చేది 2 కిలోలు. తలకు 16, 17 గ్రాములు, అంటే చెంచాడు. అయితే ఫ్రేములో పట్టేది 12 మందే. ఆ 12 మందికీ 2 కిలోలు ధారాళంగా సరిపోతుంది. మిగతావాళ్ళు ఎలాగూ కౌంటరు వదిలి రాలేరు.

దీనికి పోటీగా కొందరు జీతం సంగతి ఎత్తుతారు. చట్టం జీతాన్ని మరుసటి నెల 7వ తేదీలోగా వేయమంటుంది. బండి ఈఎంఐ 5న కొట్టుకుంటుంది, జీతం 9న పడుతుంది, మధ్యలో బ్యాంకువాడు బౌన్సు చార్జీ వేస్తాడు, సిబిల్ స్కోరు దిగుతుంది. జీతాన్ని ఒకటో తేదీకి జరిపితే కంపెనీకి అదనంగా అయ్యేది వారం రోజుల వడ్డీ. నిజమే, కానీ ఒకటో తేదీన జీతం పడినట్టు మెసేజి చూసుకున్న మనిషి ఫోను జేబులో పెట్టుకుని తన పని తను చేసుకుంటాడు. చప్పట్లు కొట్టడు. వడ్డీ డబ్బులు పెట్టి చప్పట్లు లేని కార్యక్రమం ఎవరు చేస్తారు?

నాయకత్వం దగ్గరికొద్దాం. ఒక బృందానికీ ఇంకో బృందానికీ ఉత్సాహంలో కనిపించే తేడాలో 70 శాతం దాకా మేనేజరు వల్లే వస్తుందని గ్యాలప్ అనే అమెరికన్ సర్వే సంస్థ లెక్క కట్టింది. ఇది ఇబ్బందికరమైన అంకె. ఎందుకంటే మన దగ్గర మేనేజరు తయారయ్యే పద్ధతి ఒక్కటే. బండ్ల రిపేరు షెడ్డులో అందరికన్నా బాగా డెంటింగ్ చేసేవాడి, అంటే సొట్టలు తీసేవాడి చేతిలోని సుత్తి తీసుకుని, రిజిస్టరు పెట్టి, 35 మందిని అప్పగిస్తాం. దాంతో షెడ్డుకు ఒక మంచి పనివాడు తగ్గుతాడు, ఒక చెడ్డ సూపర్‌వైజరు పెరుగుతాడు. తన కింద 8, 10 మంది ఉంటే ఎవరికి ఏ పని రాదో, ఎవరింట్లో ఎవరికి బాగాలేదో తెలుస్తుంది. 35 మంది ఉంటే ఆలస్యంగా వచ్చేవాడి పేరు తెలుస్తుంది, అంతే.

ఈ లోటుకు మందు అంటూ ఒక అలవాటు కొన్ని షెడ్లలోకి పాకుతోంది, యాజమాన్యాలు గమనించాలి. రోజూ షిఫ్టు మొదట్లో 10 నిమిషాలు నిలబడే మాట్లాడుకుంటారు. మూడే ప్రశ్నలు. నిన్న చేస్తామన్నది అయిందా? ఇవాళ ఏ బండి ముందు బయటికెళ్ళాలి? పని దేనికోసం ఆగింది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు (14 నంబరు పానా లేదు, ప్రైమర్ రాలేదు, కంప్రెసరు గాలి పట్టట్లేదు) బోర్డు మీద రాసి, పక్కన తెచ్చేవాళ్ళ పేరు, తేదీ వేస్తారు. రెండు వారాలు ఇలా సాగి, ఆ పానా నిజంగా వచ్చిందనుకోండి, పనివాళ్ళు అడక్కుండానే లోపాలు చెప్పడం మొదలుపెడతారు. వ్యవహారం అంతదాకా రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. 10 నిమిషాల మాటను 40 నిమిషాలకు లాగితే చాలు. లేదా మొదటి రోజే ఒకణ్ణి అందరి ముందూ తిట్టాలి. ఇవేవీ కుదరకపోతే, బోర్డు మీది తేదీ దాటినప్పుడల్లా తుడిచేసి కొత్త తేదీ వేస్తూ పోవాలి. దీనికి గుడ్డముక్క తప్ప పెట్టుబడి లేదు, ఫలితం మాత్రం ఎన్నాళ్ళకీ చెక్కుచెదరదు.

దాని బదులు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి పైవాళ్ళు మాట్లాడే టౌన్‌హాల్ మీటింగు శ్రేయస్కరం. హోటల్లో ఏసీ హాలు, రెండు గంటల స్లైడ్లు, చివర్లో ప్రశ్నలకు 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలు కూడా పక్క హాల్లో బిర్యానీ మూత తీసే వేళకు పడేలా చూసుకుంటే గండం గడిచినట్టే.

సమాచారం విషయంలో ప్రతి సంస్థకూ ఒక ప్రత్యర్థి ఉంది: గేటు ఎదురుగా ఉండే టీ బడ్డీ. బదిలీల జాబితా హెచ్‌ఆర్ మెయిలు కన్నా ముందు అక్కడ విడుదలవుతుంది. ఇందులో మాయేమీ లేదు. ఆర్డరు టైపు చేసిన ఆపరేటరు, జిరాక్సు తీసిన కుర్రాడు, ఎండీగారి డ్రైవరు అక్కడే టీ తాగుతారు. పైగా బడ్డీలో వార్త తెలుగులో ఉంటుంది, ఎందుకలా జరిగిందో ఎవరో ఒకరు చెబుతారు, ‘మరి నా సంగతేంటన్నా?’ అంటే జవాబిస్తారు. మన సర్క్యులర్ ఇంగ్లీషులో ఉంటుంది, రాత్రి 11 గంటలకు వాట్సాప్ గ్రూపులో పడుతుంది, ఆ గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదు. అయినా కిందనుంచి 40 నమస్కారాల బొమ్మలు రావాలంటే ఎలా?

కొత్త షిఫ్టు వేళలు చెప్పి ‘అందరికీ అర్థమైందా?’ అంటే తలలన్నీ ఊగుతాయి, అక్కడితో ఆపేయడం మేలు. గంట తర్వాత ఓ ఐదుగురిని విడివిడిగా పిలిచి ‘రేపట్నుంచి నీకు ఏం మారుతోందయ్యా?’ అని అడిగే పాడు అలవాటు కొందరికి ఉంది. ఐదు రకాల జవాబులొస్తాయి. మళ్ళీ మొదటినుంచీ, ఈసారి తెలుగులో, చెప్పాల్సి వస్తుంది.

సలహాల పెట్టె గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, దాని తాళంచెవి ఎప్పుడో పోయింది. వేసిన ప్రతి చీటీకీ 7 రోజుల్లోగా ‘చేస్తాం, ఫలానా తేదీకి’ అనో, ‘చేయలేం, ఇదీ కారణం’ అనో, ‘ఇంకా తేలలేదు, ఫలానా రోజు చెబుతాం’ అనో నోటీసుబోర్డులో పెట్టే సంస్థలు ఉన్నాయి. కాదన్న జవాబుకు కూడా అక్కడి జనం సర్దుకుపోతారట. అంత చాదస్తం మనకెందుకు?

ఇక సర్వే. అది పేరు చెప్పక్కర్లేని సర్వే. విభాగం, వయసు, ఆడా మగా, ఎన్నేళ్ళ సర్వీసు అన్న నాలుగు గళ్ళు నింపితే చాలు. నలుగురున్న స్టోర్స్ విభాగంలో 50 దాటిన ఆడమనిషి ఒక్కరే ఉంటే ఆవిడ పేరు మనం అడిగినట్టా? ఐదుగురి కన్నా తక్కువ మంది ఉన్న గుంపు జవాబులను విడిగా చూపించకూడదని తెలిసినవాళ్ళు చెబుతారు, కానీ అలా అయితే ఎవరేమన్నారో తెలిసేదెలా? ‘మీ మేనేజరు న్యాయంగా, త్వరగా స్పందిస్తారా?’ లాంటి ప్రశ్న తప్పక ఉండాలి. త్వరగా తిట్టే మేనేజరు కింద ఉన్నవాడు దానికి ఏ గడి నింపాలో తేల్చుకోలేక మధ్యగడి నింపుతాడు, సగటు బాగుంటుంది. సర్వే లింకును మార్చి నెల ఆఖరి వారంలో పంపాలి, అకౌంట్స్‌వాళ్ళు సంవత్సరాంతపు పద్దుల మధ్య కళ్ళు మూసుకుని అన్నిటికీ 4 నొక్కుతారు. ఫలితాలు దసరా దాటాక చెప్పాలి. వచ్చిన వంద ఫిర్యాదుల్లో రెంటిని ఎంచుకుని నెలలోగా తీర్చి, ‘మీరు చెప్పారు, మేం చేశాం’ అని గోడకు అంటించే సంస్థల్లో మరుసటి ఏడాది ఫిర్యాదులు ఇంకా నిజాయితీగా ఉంటాయి. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

సమాజసేవకు మాత్రం చట్టమే మనకు దన్ను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నికర విలువ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క గీత తాకినా గత 3 ఏళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. కేవలం సొంత ఉద్యోగుల మేలుకు చేసింది ఆ పద్దులో చెల్లదు. కాబట్టి ఊరి బడి గోడకు రంగేయడం సేవ, మన క్యాంటీన్ ఫ్యాను బాగుచేయించడం సేవ కాదు. మన ఊళ్ళో చాలా సంస్థలు ఈ గీత దగ్గరికి కూడా రావు, అయినా ఫ్యాను విషయంలో చట్టాన్ని స్వచ్ఛందంగా పాటిస్తున్నాయి. ఉద్యోగులు ఆ సేవలో చాకిరీ చేసిన గంటలకు ధర కట్టి ఆ 2 శాతంలో చూపడానికి వీల్లేదని కేంద్రం స్పష్టం చేయడం ఒక్కటే కాస్త నిరుత్సాహం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నడిచాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచిన రోజులవి. అలాంటప్పుడు పులిహోర పొట్లం మీద లోగో స్టిక్కరు అంటించి పడవెక్కించడం సంస్థకు సులువు. ‘మనవాళ్ళలో ఆ నీళ్ళలో ఎవరున్నారు?’ అన్న ప్రశ్నే కష్టం. దానికి వరదకు ముందే ఒక కాగితం ఉండాలి. ఎవరు ఏ పేటలో ఉంటారు, ఎన్నో అంతస్తు, ఇంట్లో మంచానపడినవాళ్ళు, పసిపిల్లలు ఉన్నారా, ఊరి బయట ఏ బంధువు ఫోను ఎత్తుతాడు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అన్న మూడు పేర్ల కింద ఎంతమంది తేలతారో చూస్తే సేవ చేయాల్సిన సమాజం మన హాజరుపట్టీలోనే ఉందని అర్థమవుతుంది. వాళ్ళకు రెండు రోజుల్లో సగం జీతం అడ్వాన్సు ఇచ్చి ఆరు వాయిదాల్లో కోసుకోవచ్చు. సెలవు కోయకుండా ఉండొచ్చు. నీళ్ళు తీశాక, మెయిన్ స్విచ్ ఆపించి, చీపుళ్ళతో పదిమందిని పంపొచ్చు. మునిగిన బైకును కిక్ కొట్టొద్దని ఆ రోజే చెప్పి ఆటోనగర్ మెకానిక్‌ను మాట్లాడిపెట్టొచ్చు. సిలిండరులోకి నీళ్ళు చేరాక ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గు విప్పి నీళ్ళు తోడి, ఇంజనాయిలూ పెట్రోలూ మార్చితే చిన్న ఖర్చుతో బయటపడే బండి, ఒక్క కిక్కుతో పెద్ద ఖర్చు అవుతుంది. ఇంత వ్యవహారంలో ఫొటో నిజంగా అవసరమైన చోటు ఒకటుంది: బీమా క్లెయిముకు, బురద కడగకముందు. ఆ ఒక్కటీ తీయడానికే ఎవరూ వెళ్ళరు.

రక్తదాన శిబిరం అంత చిక్కుది కాదు, మంచం, మనిషి, పిడికిలి, చిరునవ్వు ఒక్క ఫ్రేములో ఒదుగుతాయి. నిబంధనలే కాస్త అడ్డం. వయసు 18 నుంచి 65, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకూడదు. 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్లు, 55 దాటితేనే 450. మగవాళ్ళకు 90 రోజులు, ఆడవాళ్ళకు 120 రోజుల ఎడం. ఖాళీ కడుపుతో ఇవ్వకూడదు. ఎండీగారు రిబ్బను కోసేదాకా ఎవరూ టిఫిను ముట్టకూడదన్న మన సంప్రదాయానికి ఇది బొత్తిగా పొసగదు. నిద్రలేని రాత్రి షిఫ్టువాళ్ళు పనికిరారు. దూరప్రయాణపు డ్రైవర్లయితే తర్వాతి డ్యూటీకి 24 గంటల ముందైనా ఇచ్చి ఉండాలి. అంటే ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పొద్దున రక్తం తీసి, బిస్కెట్టు పెట్టి, సాయంత్రం మిర్చి లోడుతో కలకత్తా పంపడం కుదరదన్నమాట. మరి ‘మా డ్రైవర్లే మా రక్తం’ అన్న ఫ్లెక్సీ ఏం చేసుకోవాలి?

మొక్కలకు తేదీ మార్చడానికి వీల్లేదు, జూన్ 5 పర్యావరణ దినం. అది రోహిణి కార్తెలో పడుతుంది. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక నాటితే బతుకుతుందని రైతును అడిగినా చెబుతాడు, కానీ అప్పటికి హ్యాష్‌ట్యాగు చల్లారిపోతుంది. గుంట రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. పదిహేను రోజులు ముందే తవ్వి ఎండనివ్వాలి. పైమట్టిలో 10 కిలోల పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి కలిపి నింపాలి. కానుగ, వేప, నేరేడు అయితే మన ఎండకు తట్టుకుంటాయి. నల్ల ప్లాస్టిక్ కవరు చింపి నాటాలి. కవరుతో సహా పాతితే వేళ్ళు అందులోనే చుట్టుకుని చస్తాయి, సంస్థలో మంచి ఉద్యోగి సంగతీ అంతే. తర్వాత రెండు వేసవులు వారానికి రెండుసార్లు 10 లీటర్ల నీళ్ళు, మేకలు తినకుండా కంచె. ఇవన్నీ చేస్తే చెట్టవుతుంది. చెట్టయితే వచ్చే ఏడు ఆ చోట గుంట ఉండదు.

ఇలాంటి కార్యక్రమాలకు పంచే టీషర్టులు సైజు అడక్కుండా అన్నీ ఎల్ తెప్పించడం ఆనవాయితీ. కాంట్రాక్టు మనుషులకు లెక్కలో లేవు, సర్వే లింకు కూడా వాళ్ళకు వెళ్ళదు, ఎందుకంటే వాళ్ళు మన రోల్సులో లేరు, మన గుంటలు తవ్వుతారంతే. ఫొటోకు ముందు వాళ్ళను మర్యాదగా పక్కకు జరగమనాలి. ఒక్కణ్ణి మాత్రం ఆపుకోవడం మంచిది, పార ఎటువైపు పట్టుకోవాలో డైరెక్టరుగారికి చూపించడానికి.