పనిమనిషికి వేరే సబ్బు ఎందుకు?

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ప్రత్యక్షమయ్యే సందేశం ఇది: మామూలు సబ్బు మురికినే వదిలిస్తుంది, క్రిములు చావాలంటే యాంటీబాక్టీరియల్ సబ్బే కావాలి, నీళ్లు వేడిగా ఉండాలి, ఒకే బిళ్లను అందరూ వాడితే రోగాలు అంటుకుంటాయి, కనుక పనిమనిషికి వేరే సబ్బు పెట్టండి.

మొదటి మాట సంగతి చూద్దాం. ఆవకాయ అన్నం తిన్న చేతిని ఉత్త నీళ్లతో కడగండి. ఎర్రటి నూనె గోళ్ల సందుల్లోనే ఉంటుంది. సబ్బు రుద్దితే నురుగు రంగు మారి నూనె జారిపోతుంది. చేతిమీది క్రిములూ చాలావరకు ఆ జిడ్డుతోనే వదిలిపోతాయి. సబ్బు అణువుకు ఒక కొస కొవ్వును, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. కరోనా, ఫ్లూ వైరస్‌ల పైపొర కొవ్వుదే కనుక అది చిరిగిపోతుంది. చావని క్రిమి కాలువలోకి పోతుంది. పోయినది బతికే ఉందా అన్న బెంగ మనకెందుకు?

ఇది నా వాదన మాత్రమే కాదు. కరాచీ పేదవాడల్లో కొన్ని ఇళ్లకు మామూలు సబ్బు, కొన్నిటికి ట్రైక్లోకార్బన్ అనే క్రిమినాశక మందు కలిపిన సబ్బు ఇచ్చి, చేతులు కడుక్కోవడం అలవాటు చేయించారు. ఫలితాలు 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మామూలు సబ్బు వాడిన ఇళ్లలో పదిహేనేళ్లలోపు పిల్లల విరేచనాలు 53 శాతం, అయిదేళ్లలోపు వారి న్యుమోనియా 50 శాతం తగ్గాయి. మందు కలిపిన సబ్బు అంతకు మించి సాధించిందేమీ లేదు. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ ట్రైక్లోకార్బన్, ట్రైక్లోసాన్ సహా మొత్తం 19 రసాయనాలను ఇంట్లో వాడే ఇలాంటి సబ్బుల్లో నిషేధించింది. మామూలు సబ్బు కంటే అవి మెరుగని కంపెనీలు చూపలేకపోయాయి.

సబ్బు అట్టపెట్టె మీద చూడదగ్గ అంకె ఒకటుంది, టీఎఫ్ఎం, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం. అది 76 శాతమో, ఆ పైనో ఉంటే మన దేశ ప్రమాణాల్లో మొదటి తరగతి టాయిలెట్ సబ్బు. అయితే అది సబ్బు నాణ్యత గురించి చెప్పేదే, క్రిముల గురించి కాదు.

వేడి నీళ్లంటారా, క్రిములు చచ్చేంత వేడికి ముందు మన చర్మం ఊడుతుంది. చల్లనీళ్లయినా ఇరవై సెకన్లు రుద్దితే చాలు.

ఇక ఉమ్మడి బిళ్ల. 1988లో అచ్చయిన ఒక ప్రయోగంలో సబ్బుబిళ్లలకు కావాలనే బాక్టీరియా పట్టించి, వాటితో చేతులు కడిగించారు. తరువాత పరీక్షిస్తే ఆ బాక్టీరియా ఎవరి చేతుల మీదా కనిపించలేదు. బిళ్ల నీళ్లలో నానకుండా చిల్లుల పెట్టెలో పెడితే సరిపోతుంది.

అందుకే ఆ చివరి సలహా నాకు మింగుడుపడదు. గ్లాసు వేరు, కంచం వేరు అన్న పాత పద్ధతే ఇప్పుడు సబ్బుపెట్టె దాకా వచ్చింది. కూరలు తరిగేదీ, మన పిల్లల గిన్నెలు తోమేదీ ఆమె చేతులే. వాటికి మన సింకు దగ్గరి సబ్బు అందకుండా చేసి ఎవరిని కాపాడుతున్నట్టు?